పరుగుకి ముందు అన్నం పెట్టే క్లినిక్: డైటీషియన్‌కి ఐదు స్టార్లు, రిసెప్షన్‌కి ఒకటి

ముందే చెప్తున్నా, ఇందులో నా బరువు ఎంత, ఎన్ని క్యాలరీలు తిన్నాను, వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాను లాంటివి ఏవీ ఉండవు. ఈటింగ్ డిజార్డర్ (తిండికీ బరువుకీ భయపడే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళం పక్కవాళ్ళ అంకెలు చదివితే వాటితో కూడా పోటీకి దిగుతాం, అందుకని. క్లినిక్ పేరు కూడా రాయను. మంచితో పాటు నాలుగు మాటలు గట్టిగానే అనబోతున్నాను, పైగా అక్కడ కూర్చునే పిల్లల్లో చాలామంది పొద్దున్నే స్టేడియంలో కనిపించేవాళ్ళే, వాళ్ళని ఎవరైనా ఆరా తీయడం నాకు ఇష్టం లేదు. హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు, ఒక స్పోర్ట్స్ డైటీషియన్, ఒక స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్, ఒక సైకాలజిస్ట్ కలిసి నడిపే చిన్న చోటు అనుకోండి, చాలు. ఇలాంటి చోటు మీ ఊళ్ళో ఉంటే లోపలికి వెళ్ళాక ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా. కాలేజీలో 5000 మీటర్లు, క్రాస్ కంట్రీ. కోచ్ సర్ నోట్‌బుక్‌లో టైమింగ్ పక్కనే బరువుకి ఒక గడి ఉండేది. "రెండు కిలోలు తగ్గమ్మా, టైమింగ్ అదే తగ్గుద్ది" అనేవారు, కొన్నాళ్ళు నిజంగానే తగ్గింది కూడా, అసలు చిక్కంతా అక్కడే. తర్వాత మోకాలి కింద ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడి పడి వచ్చే సన్న చీలిక), పీరియడ్స్ ఆగిపోవడం. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే శనివారం ఉపవాసం, ఏకాదశి, ఆపైన కార్తీక మాసం, అన్నం ఎగ్గొట్టడానికి నాకు క్యాలెండరే సాయం చేసింది. ఆడపిల్ల భక్తిగా ఉంటే ఎవరైనా ఆపుతారా, పది మందికి చెప్పుకుంటారు గానీ. ఒక గైనకాలజిస్ట్ స్కాన్ చూసి పీసీఓడీ (అండాశయాల్లో చిన్న చిన్న తిత్తులు కనిపించే హార్మోన్ల సమస్య) అన్నారు, కొంచెం బరువు తగ్గితే అన్నీ సర్దుకుంటాయి అని చెప్పి పంపించారు. తిండి చాలక పీరియడ్స్ ఆగిన అమ్మాయిల స్కాన్ కూడా కొన్నిసార్లు పీసీఓడీలాగే కనిపిస్తుంది. హార్మోన్ల టెస్టులు చేయించకుండా, ఏం తింటున్నావు, ఎంత పరిగెత్తుతున్నావు అని అడగకుండా స్కాన్ ఒక్కటే చూస్తే నాకు చెప్పిందే చెప్తారు. ఆ సలహా విని నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సరే, క్లినిక్. తిట్లతోనే మొదలుపెడతా, అవి అయిపోతే మిగతాది ప్రశాంతంగా రాయొచ్చు.

తలుపు తీయగానే హాల్లో బాడీ కంపోజిషన్ మెషీన్, అంటే ఎక్కి నిలబడితే బరువు, కొవ్వు లెక్క చెప్పేది. కూర్చున్న అందరికీ కనిపించేలా. వచ్చిన ప్రతి ఒక్కరినీ రిసెప్షన్ అమ్మాయి "మేడమ్, చెప్పులు విప్పి ఎక్కండి" అంటుంది, స్క్రీన్ మీద వచ్చింది పైకి చదువుతుంది, పక్కన ఇంకో అమ్మాయి రాసుకుంటుంది. నాకు ముందు వరుసలో ఉన్నవాళ్ళందరి బరువులూ నాకు తెలిసిపోయాయి. నా వంతు వచ్చేసరికి నేను లిఫ్ట్ దగ్గర ఉన్నాను. డైటీషియన్ మేడమ్ బయటికి వచ్చి వెనక్కి పిలవకపోతే అటు నుంచి అటే వెళ్ళిపోయేదాన్ని. గోడ మీద పోస్టర్లు చూడాలి మీరు: ఒక పక్క లావుగా ఉన్న ఫోటో, ఇంకో పక్క సన్నబడ్డ ఫోటో, కింద ఎన్ని కిలోలు తగ్గారో పెద్ద అక్షరాల్లో. క్లినిక్ అద్దె బరువు తగ్గించే ప్యాకేజీల మీదే గడుస్తుందని నాకూ అర్థమవుతుంది, హైదరాబాద్‌లో గడిచేది దాని మీదే. కానీ తిండికి భయపడేవాళ్ళు కూడా అదే తలుపు గుండా రావాలి కదా. చాలాసార్లు చెప్పాక మెషీన్‌ని ఒక గదిలోకి మార్చారు. పోస్టర్లు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

రెండోది వాళ్ళ యాప్. అదీ బరువు తగ్గేవాళ్ళ కోసం కొన్నదే. తిన్నది ఎక్కిస్తే లెక్క కడుతుంది, లక్ష్యం కన్నా తక్కువ తింటే పచ్చ రంగు టిక్, ఎక్కువ తింటే ఎర్ర రంగు. నా ప్లాన్‌లో రాత్రి పెరుగన్నం తప్పనిసరి అని మేడమ్ రాసిస్తే, అది తిన్న ప్రతి రాత్రీ యాప్ నన్ను ఎర్రగా ఉరిమి చూసేది. ఒక్కరోజు మానేస్తే "శభాష్" అని నోటిఫికేషన్. నాలాంటి వాళ్ళకి ఆ శభాష్ ఎంత రుచిగా ఉంటుందో యాప్ రాసినవాళ్ళకి తెలియదు. మేడమ్‌కి చూపిస్తే నా ముందే ఫోన్‌లోంచి తీయించేశారు, ప్లేటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, గ్రాములు వద్దు అన్నారు. చేతి వాచీలో క్యాలరీల స్క్రీన్ కూడా ఆ రోజే తీయించారు. ఇది ఏ ఈటింగ్ డిజార్డర్ పేషెంట్‌కైనా మొదటి రోజే చేయాల్సిన పని, నేను అడిగితే చేశారు. యాప్‌కి స్టార్లన్నీ ఇక్కడే పోయాయి.

ఇక డాక్టర్. మాటలు తక్కువ, టెస్టులు పద్ధతిగా. పడుకోబెట్టి పల్స్ చూశారు, లేచి నిలబడమని మళ్ళీ చూశారు. నా పల్స్ తక్కువ ఉంటుందని, అది రన్నర్ గుండె అని నాకు లోపల్లోపల గర్వం. రన్నర్లకి పల్స్ తక్కువ ఉండటం మామూలే, కానీ నిలబడగానే అది ఒక్కసారిగా ఎగిరిందంటే ఫిట్‌నెస్ అని మురిసిపోకూడదు, ఒంటికి తిండి చాలడం లేదేమో చూడాలి అని చెప్పారు. ఈసీజీ, పొటాషియం, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్, హార్మోన్లు రాశారు. ఎముకల కోసం డెక్సా స్కాన్ బయట చేయించుకోవాలి. ఆ రిపోర్టులో టీ స్కోర్, జెడ్ స్కోర్ అని రెండు ఉంటాయి, టీ స్కోర్ మెనోపాజ్ దాటినవాళ్ళకి, మా వయసు వాళ్ళకి చూడాల్సింది జెడ్ స్కోర్. ల్యాబ్ వాళ్ళు టీ స్కోర్ చుట్టూ పెన్నుతో గీత గీసి ఇచ్చారు, అది వేరే సంగతి.

పీరియడ్స్ కోసం ఇంతకుముందు నాకు మాత్రలు రాసిన సంగతి చెప్తే ఆయన ఆపేయమన్నారు. ఆ మాత్రలతో వచ్చే బ్లీడింగ్ శరీరం తనంతట తాను తెచ్చుకున్నది కాదు, దానివల్ల ఎముకలు గట్టిపడవు, పైగా అంతా బాగుందని మనకీ ఇంట్లోవాళ్ళకీ ఒక భ్రమ. తిండి తక్కువై పీరియడ్స్ ఆగినప్పుడు కేవలం వాటిని రప్పించడానికి గర్భనిరోధక మాత్రలు వాడొద్దని హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ, 2017లోనే చెప్పింది. (మీ డాక్టర్ వేరే కారణానికి రాసుండొచ్చు, ఇది చదివి మీరే ఆపేయకండి, వెళ్ళి అడగండి.)

ఆ తర్వాత ఆయన ఒక కాగితం మీద రంగులు వేసి చూపించారు. ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి రెడ్స్ (REDs, రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్, ఎరుపు రంగు కాదు) అని పేరు పెట్టారు, పరుగుకి పోగా శరీరానికి మిగిలే శక్తి మరీ తక్కువైతే వచ్చే గొడవలన్నీ కలిపి. అంతకుముందు ఆడవాళ్ళ సమస్యగానే చూసేవారు, తిండి, పీరియడ్స్, ఎముకలు, ఈ మూడే. 2014లో మగవాళ్ళని కూడా కలిపి పెద్దది చేశారు, 2023లో కొత్తగా రాసినప్పుడు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లు పెట్టారు. ఎరుపులో ఉంటే ప్రాక్టీసూ లేదు, పోటీ లేదు. ఆకుపచ్చకి వచ్చేదాకా మధ్యలో ఏది ఎంతవరకు చేయొచ్చో డాక్టర్ చూసి చెప్తారు. ఇది నాకు ఎందుకు నచ్చిందంటే, అప్పటిదాకా పరిగెత్తొచ్చా లేదా అన్నది రోజూ పొద్దున్నే నాలుగున్నరకి నా బుర్రలో జరిగే పంచాయితీ, అందులో గెలిచేది ఎప్పుడూ జబ్బే. ఇక్కడ తీర్పు నా చేతిలోంచి తీసేసుకున్నారు. నేను డబ్బులు కట్టింది ముఖ్యంగా దీనికే అనిపిస్తుంది. బరువు కూడా మెషీన్‌కి వీపు పెట్టి నిలబడితే వాళ్ళే చూసుకుంటారు, నాకు చెప్పరు.

డైటీషియన్ మేడమ్ గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి సిట్టింగ్‌లోనే రాగి జావ, కొర్రలు, అండుకొర్రలు, చియా గింజలు అన్నీ మాన్పించారు. నేను నోరు తెరిచాను. మా కాలనీలో అన్నం మానేసినవాళ్ళకి సన్మానం చేసే రోజులివి, డైటీషియన్ అయ్యుండి తెల్లన్నం తినమంటుందేంటి? ఆవిడ లెక్క సూటిగా ఉంది. పీచు ఎక్కువున్న తిండితో కడుపు త్వరగా నిండుతుంది, శక్తి తక్కువ అందుతుంది, షుగర్ ఉన్న మా మావయ్యకి అది మంచిది కావచ్చు, పొద్దున్నే పరిగెత్తే నాకు కాదు. "మిల్లెట్లు నీకు తిండి కాదమ్మా, తిండి నుంచి దాక్కోవడానికి ఒక చోటు" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళి డబ్బాలు చూసుకుంటే ఆ మాట నిజమే.

ప్లాన్ అంతా మన వంటింట్లోనే ఉంది, అది ఇంకో సుఖం. ఓట్స్, అవకాడో, ప్రోటీన్ బార్లు ఏవీ లేవు. పరుగుకి ముందు అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఖాళీ కడుపుతో గడప దాటకూడదు. వచ్చాక అరగంటలోపు ఏదో ఒకటి, సంచిలో పల్లీపట్టి ఎప్పుడూ ఉండాలి. టిఫిన్‌కి ఇడ్లీ అయితే కారప్పొడిలో నెయ్యి ఉండాలి, పెసరట్టు అయితే ఉప్మాతో. సాయంత్రం సున్నుండ. అమ్మకి ఆ ఒక్క మాటతో డైటీషియన్ మీద గురి కుదిరింది, వారం తిరక్కుండా మినుములు వేయించి బెల్లంతో డబ్బా నిండా చేసి పెట్టింది. ఆకలైతే తిను అని ఎవరూ చెప్పరు ఇక్కడ, గడియారం చూసి తిను అంటారు. ఎందుకంటే గట్టి ఇంటర్వెల్స్ (వేగంగా పరిగెత్తి, కాస్త ఆగి, మళ్ళీ వేగంగా పరిగెత్తే ప్రాక్టీసు) చేసిన రోజు ఆకలి చచ్చిపోతుంది, ఏళ్ళ తరబడి ఎండబెట్టిన కడుపు అసలు సరిగ్గా చెప్పదు. ఆకలి మాట వినే రోజు తర్వాత వస్తుంది, ముందు టైం ప్రకారం.

ఆవిడలో లోపం ఒకటే, వాట్సాప్‌లో జవాబు ఒక్కోసారి సాయంత్రానికి వస్తుంది. హోటల్లో ప్లేటు ముందు కూర్చుని టెన్షన్ పడుతున్నవాడికి సాయంత్రం జవాబు దేనికి పనికొస్తుంది?

సైకాలజిస్ట్ వారంలో రెండు రోజులే ఉంటారు, అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. కానీ నాకు బాగా పనికొచ్చిన రెండు పనులు ఆవిడే చేశారు. మొదటిది అమ్మతో మాట్లాడటం. సైకాలజిస్ట్ అనే మాట వినగానే అమ్మ మొహం పాలిపోయింది, మా ఇళ్ళల్లో ఆ మాటకి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి తప్ప ఇంకోటి గుర్తురాదు. ఆవిడ జబ్బు పేరు కూడా ఎత్తకుండా, ఈ సంవత్సరం దీని ఉపవాసాలు కూడా మీరే చేయండమ్మా, దేవుడు ఏమీ అనుకోడు అన్నారు. అమ్మ ఒప్పుకుంది. బంధువులొచ్చి "ఒళ్ళు చేశావే" అన్నప్పుడు ఏం చెప్పాలో కూడా ఇద్దరికీ నేర్పించారు: ఏమీ చెప్పక్కర్లేదు, కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళిపోవడమే.

రెండోది కోచ్ సర్‌కి ఫోన్. నన్ను అడిగి, నేను సరే అన్నాకే చేశారు. ఈ అమ్మాయి ముందు బరువు మాట ఎత్తొద్దు, నోట్‌బుక్‌లో ఆ గడి వద్దు, ఇంటర్వెల్స్ మా దగ్గర నుంచి మెసేజ్ వచ్చాకే అని. సర్ అలిగారు. "ఆ మేడమ్ ఎప్పుడైనా ట్రాక్ మీద ఒక రౌండ్ కొట్టిందా?" అని నన్నడిగారు. అయినా మాట నిలబెట్టుకున్నారు, బరువు గురించి నోరెత్తలేదు. మిగతా అమ్మాయిల గడులు మాత్రం అలాగే ఉన్నాయి, దాని సంగతి ఏం చేయాలో నాకు ఇంకా తెలియలేదు.

నేను ఇంటర్నెట్‌లో మాలీ సైడెల్ గురించి చదువుకుని వచ్చి సైకాలజిస్ట్‌కి చూపించాను. అమెరికా రన్నర్ అమ్మాయి, 2016లో ఈటింగ్ డిజార్డర్‌కి ట్రీట్‌మెంట్ తీసుకోవడానికి ఒలింపిక్ ట్రయల్స్ వదిలేసుకుంది, టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచింది. ఆవిడ రెండు తేదీలు పక్కపక్కన రాసి చూపించారు: 2016, 2021. నువ్వేమో ఆగస్టుకి కావాలంటున్నావు అన్నారు. మెడల్ తర్వాత కూడా ఆ జబ్బు తిరగబెట్టిందని ఆ అమ్మాయే చెప్పుకుంది, అది కూడా చదువు అన్నారు. ఇంకో అమెరికా రన్నర్ మేరీ కెయిన్ సంగతి నాకు ముందే తెలుసు. స్కూల్ వయసులోనే రికార్డులు కొట్టి, సన్నబడాలన్న ఒత్తిడిలో మూడేళ్ళు పీరియడ్స్ లేక, ఐదు ఎముకలు విరగ్గొట్టుకున్నానని 2019లో బయటపెట్టింది. అది చూసే నేను మొదటిసారి నా ఫ్రాక్చర్‌కీ నా ప్లేటుకీ ముడిపెట్టి చూసుకున్నాను.

ఆగస్టు అంటే హైదరాబాద్ మారథాన్. హాఫ్‌కి (సగం మారథాన్‌కి) రిజిస్టర్ చేసుకుని, డబ్బు కట్టి, ఆ తర్వాత క్లినిక్‌కి చెప్పాను. ముగ్గురూ కూర్చుని వద్దన్నారు. టెన్‌కె (పది కిలోమీటర్ల రేసు) అయితే సరే, అది కూడా వాళ్ళు పెట్టిన షరతులు నిలబడితేనే. నాకు పీరియడ్స్ తిరిగొచ్చాయి, రిపోర్టులు మెరుగయ్యాయి, నడక నుంచి నడక-పరుగుకి, దాన్నుంచి మెల్లగా పరిగెత్తడానికి, స్ట్రైడ్స్‌కి (కొద్ది దూరం వేగం పెంచి పరిగెత్తడం) వచ్చాను, ఇంకేం కావాలి? ఎముక, బరువంత త్వరగా కోలుకోదు అన్నారు. వాదించాను, ఏడ్చాను, వాళ్ళు మారలేదు. ఇక్కడ నా ఫిర్యాదు నిర్ణయం మీద కాదు. ఏ దూరానికి ఏ షరతు అన్నది మొదటి రోజే రాసి సంతకం పెట్టించి ఉంటే నేను డబ్బు కట్టేదాన్నే కాదు. షరతుల పేపర్ సగం వాళ్ళ తలల్లో ఉంటుంది, అడిగినప్పుడల్లా ఒక కొత్త షరతు బయటికొస్తుంది. మనలాంటి వాళ్ళకి గీత ఎక్కడుందో కనిపించాలి, లేకపోతే బేరాలాడతాం. మీరు వెళ్తే మొదటి విజిట్‌లోనే రాతపూర్వకంగా అడగండి.

రేసు వారం మాత్రం వాళ్ళు చూసుకున్న తీరుకి వంక పెట్టలేను. పోటీకి ముందు రెండు రోజులు అన్నం పెంచాలి, అప్పుడు కండరాల్లో గ్లైకోజెన్‌తో (అన్నం నుంచి ఒంట్లో నిల్వయ్యే శక్తి) పాటు నీళ్ళు కూడా చేరతాయి, ఒక గ్రాముకి దాదాపు మూడు గ్రాములు, కాబట్టి ఒళ్ళు బరువెక్కినట్టు, బట్టలు బిగిసినట్టు ఉంటుంది, అది కొవ్వు కాదు, నువ్వు పరిగెత్తడానికి నింపుకున్న సరుకు అని మేడమ్ ముందుగానే చెప్పి పెట్టారు. శనివారం నాడు ఉపవాసం బదులు పప్పన్నం, బంగాళాదుంప వేపుడు, రాత్రి మళ్ళీ అన్నమే. చెప్పకపోయి ఉంటే ఆ సాయంత్రం అద్దం ముందు ఏం జరిగేదో నాకు తెలుసు. బిబ్ (రేసు నంబర్ చీటీ) తీసుకోవడానికి వెళ్తే అక్కడ ఒక స్టాల్‌లో ఫ్రీగా బాడీ ఫ్యాట్ చెక్ చేస్తాం రండి అని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేశారు, అది కూడా వీళ్ళు ఊహించి, స్నేహితురాలిని తోడు తీసుకెళ్ళు, బిబ్ తీసుకుని తిన్నగా బయటికి వచ్చేయి అని రాసిచ్చారు.

పరిగెత్తాను. ఆగస్టు ఉక్క, ఫ్లైఓవర్లు, హైదరాబాద్‌లో పరిగెత్తినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలేజీ రోజుల టైమింగ్‌కి దగ్గర్లో కూడా లేను, పోడియం లేదు, నాకన్నా వెనక ఉండే అమ్మాయిలు ముందు వెళ్ళిపోయారు, కడుపులో మంట లేదని అబద్ధం చెప్పను. చివర్లో ఒకరిని దాటాను, కాళ్ళు ఇంకా ఇమ్మంటే ఇచ్చాయి. అంతకుముందు రేసుల్లో ఆ చోటుకి వచ్చేసరికి కళ్ళు తిరిగేవి. ఫినిష్‌లో ఉప్మా ఇస్తే నిలబడి ప్లేటంతా తిన్నాను, ఫోటో పెట్టాను, మేడమ్ జవాబు ఆ రోజు మాత్రం నిమిషంలో వచ్చింది: "చట్నీ ఏది?"

డబ్బు సంగతి. మొదటి విజిట్ 1500, తర్వాత డైటీషియన్ 800, సైకాలజిస్ట్ 1200, టెస్టులు, డెక్సా అదనం. మొత్తం మీద తక్కువేం కాదు, స్టూడెంట్లకి కష్టమే. మూడు నెలల ప్యాకేజీ అంటగట్టాలని చూస్తారు, తీసుకోకండి, విజిట్‌కి ఇంత అని కట్టుకోవచ్చు, అడిగితేనే చెప్తారు.

పల్స్ బాగా పడిపోయినవాళ్ళని, కళ్ళు తిరిగి పడిపోతున్నవాళ్ళని, వాంతులు చేసుకుంటున్నవాళ్ళని వీళ్ళు నేరుగా పెద్దాసుపత్రికి పంపిస్తారు, అక్కడ సైకియాట్రిస్ట్ కూడా ఉండాలంటారు. అది సరైన పని. మీరు ఆ పరిస్థితిలో ఉంటే ఇలాంటి క్లినిక్‌ల అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఎవరితో మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మగపిల్లలు కూడా వెళ్ళండి. వాళ్ళకి పీరియడ్స్ లాంటి హెచ్చరిక ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది, అక్కడి డాక్టర్ టెస్టోస్టెరాన్ టెస్ట్ రాస్తారు, ఎగతాళి చేయరు.

నా స్టార్లు: డైటీషియన్‌కి ఐదు, డాక్టర్‌కి నాలుగు, సైకాలజిస్ట్‌కి దొరికిన రోజున ఐదు, యాప్‌కి సున్నా, రిసెప్షన్‌కి ఒకటి, అది కూడా మెషీన్ జరిపినందుకు. వెళ్ళేటట్టయితే ఫోన్ చేసినప్పుడే బరువు చూడొద్దని, యాప్ వద్దని చెప్పండి, ఫైల్ మీద రాసిపెడతారు. సైకాలజిస్ట్ ఉండే రోజు కనుక్కుని ముగ్గురినీ ఒకే పూట అడగండి. శనివారం సాయంత్రాలు వద్దు, ఆ రోజంతా బరువు తగ్గే ప్యాకేజీల వాళ్ళ రద్దీ.